చిరునామా ఒక వీధిలో... తలుపు మరో వీధిలో!

సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మాస్కో రైళ్లు ఆగే స్టేషన్ నుంచి బయటికొచ్చి నెవ్‌స్కీ ప్రాస్పెక్ట్ మీద కొద్దిదూరం నడిస్తే ఎడమవైపు ఓ చిన్న వీధి తగులుతుంది. పేరు పుష్కిన్‌స్కయా. వీధి మధ్యలో చిట్టి తోట, తోట నడుమ కవి పుష్కిన్ విగ్రహం. 1884లో పెట్టింది. ఆ వీధిలోనిదే పదో నంబరు భవనం. రష్యా ఆధునిక చిత్రకళ గురించి కాస్త చదువుకున్నవాళ్లకు 'పుష్కిన్‌స్కయా 10' బాగా తెలిసిన పేరు. కానీ ఆ నంబరు వెతుక్కుంటూ నేరుగా గుమ్మం దగ్గరికి వెళ్లినవాళ్లు తెల్లమొహం వేయాల్సిందే. చిత్రకారుల లోకంలోకి అటునుంచి దారి లేదు!

మళ్లీ వెనక్కి నడవాలి. మలుపు తిరిగి, ట్రాములూ కార్లూ రొదపెట్టే లిగోవ్‌స్కీ ప్రాస్పెక్ట్ అనే పెద్దరోడ్డు మీదికి రావాలి. అక్కడ 53వ నంబరు దగ్గర ఓ ఆర్చి ఉంటుంది. దాని కింది నుంచి లోపలికెళ్తే నాలుగు వైపులా ఎత్తయిన గోడలు, మధ్యలో పెరడు. తలెత్తితే చతురస్రంగా కాస్త ఆకాశం. ఇలాంటి పెరళ్లను ఆ ఊరివాళ్లు 'బావులు' అంటారు. నిజంగానే ఎండిపోయిన నేలబావిలోకి దిగినట్టు ఉంటుంది. ఈ బావిలో పేరుపొందిన మనుషులే బతికారు. బీటిల్స్ అంటే ప్రాణమిచ్చే కోల్యా వాసిన్ అనే గడ్డపాయన ఇక్కడే ఓ గదిలో జాన్ లెనన్ పేరిట 'ప్రేమ, శాంతి, సంగీతాల ఆలయం' నడిపాడు. 2018లో చనిపోయేదాకా ఆ గదే ఆయన లోకం.

పక్కవీధి నుంచి దొడ్డిదారిన రావాల్సిన ఈ చోటుకు ముందువీధి చిరునామా ఎందుకు అతుక్కుపోయింది? ఆ సంగతి చెప్పాలంటే తిమూర్ నోవికోవ్ అనే చిత్రకారుడి గురించి చెప్పాలి. బొమ్మలు వేసేవాళ్లు ఎందరో ఉంటారు. బొమ్మలు పెట్టుకునే చోటు కూడా తానే తయారుచేసుకోవాల్సి వచ్చిన మనిషి తిమూర్. అదీ ఒక్కసారి కాదు.

బుల్డోజర్లు వచ్చిన రోజు

తెలుగునాట ఒక తరం మొత్తం రష్యాను విశాలాంధ్ర పుస్తకాల దుకాణంలోనే చూసింది. ప్రగతి ప్రచురణాలయం, రాదుగ వాళ్ల అట్టలు, నున్నటి కాగితం మీద రంగుల బొమ్మలు, గోధుమచేలు, ట్రాక్టర్లు, నవ్వుతున్న కార్మికులు. అవి అందమైనవే, అబద్ధమని తీసిపారేయడానికీ లేదు. కానీ ఆ పుస్తకాల్లో చోటు దొరకని చిత్రకారులు అదే దేశంలో చాలామంది ఉండేవారు.

సోవియట్ వ్యవస్థలో చిత్రకారుడంటే చిత్రకారుల సంఘంలో సభ్యుడు. సభ్యత్వం ఉంటే స్టూడియో, రంగులు, ప్రదర్శనశాల, ప్రభుత్వ ఆర్డర్లు. లేకపోతే ఏమీ లేదు. సొంతంగా ఓ హాలు అద్దెకు తీసుకుని బొమ్మలు పెట్టుకునే వీలు కూడా లేదు. ఉద్యోగం లేకుండా ఉండటమే నేరం కాబట్టి చాలామంది రాత్రి కాపలాదారులుగా, బాయిలర్ గదుల్లో బొగ్గు వేసేవాళ్లుగా కుదురుకునేవారు. డ్యూటీ ముగిశాక బొమ్మలు, పాటలు. రాక్ గాయకుడు విక్టర్ త్సోయ్ పనిచేసిన అలాంటి బాయిలర్ గది ఒకటి 'కమ్చాట్కా' పేరుతో పీటర్స్‌బర్గ్‌లోనే తర్వాత అభిమానుల యాత్రాస్థలమైంది.

1974 సెప్టెంబరు 15న మాస్కో శివారు బెల్యాయెవోలో ఓ ఖాళీస్థలంలో కొందరు చిత్రకారులు ఆరుబయట బొమ్మలు పెట్టారు. హాలు ఇవ్వకపోతే ఆకాశం కిందయినా పెట్టుకుంటాం అన్నది వాళ్ల లెక్క. అధికారులు బుల్డోజర్లనూ నీళ్ల ట్యాంకర్లనూ పంపించారు. ఆస్కార్ రాబిన్ అనే చిత్రకారుడు ఓ బుల్డోజర్ బ్లేడును పట్టుకుని వేలాడాడు. ప్రపంచమంతా గగ్గోలు పుట్టింది. పరువు కాపాడుకోవడానికి రెండు వారాలకే మాస్కోలోని ఇజ్మాయిలోవో పార్కులో నాలుగు గంటలపాటు ప్రదర్శనకు అనుమతి వచ్చింది. ఆ గాలి లెనిన్‌గ్రాడ్‌కీ సోకింది. పీటర్స్‌బర్గ్‌ను అప్పుడు అలాగే పిలిచేవారు. అదే ఏడాది డిసెంబరులో గాజా సాంస్కృతిక భవనంలో 52 మంది చిత్రకారులు బొమ్మలు పెట్టారు. నాలుగంటే నాలుగే రోజులు. గడ్డకట్టే చలిలో జనం బారులు తీరారు.

తిమూర్‌కు అప్పటికి పదహారేళ్లు.

చిల్లు కూడా బొమ్మే

తిమూర్ నోవికోవ్ 1958 సెప్టెంబరు 24న లెనిన్‌గ్రాడ్‌లో పుట్టాడు. చిన్నతనంలో కొంతకాలం తల్లితో కలిసి ఉత్తరధ్రువ సముద్రంలోని నొవాయా జెమ్ల్యా దీవుల్లో ఉన్నాడు. 1961లో సోవియట్ యూనియన్ అతిపెద్ద హైడ్రోజన్ బాంబును పేల్చి చూసుకున్న దీవులవి. చెట్టూ చేమా లేని మంచునేల, దాని మీద వాలిన ఆకాశం... రెండూ కలిసే గీత. కుర్రాడి కళ్లకు ఆ గీత గట్టిగా అంటుకుపోయిందనే అనుకోవాలి. ఎందుకో ముందుముందు తెలుస్తుంది.

1981లో లెనిన్‌గ్రాడ్ చిత్రకారులు 'ప్రయోగాత్మక దృశ్యకళల సంఘం' ఒకటి పెట్టుకున్నారు. ప్రభుత్వం చూసీచూడనట్టు ఊరుకునేది. మరుసటేడు ఆ సంఘం కిరోవ్ సాంస్కృతిక భవనంలో ప్రదర్శన పెట్టింది. బొమ్మలు తగిలించడానికి నిలబెట్టిన పలకల్లో ఒకదానికి చదరంగా ఓ చిల్లు ఉంది. తిమూర్, అతని స్నేహితుడు ఇవాన్ సోత్నికోవ్ ఆ చిల్లు పక్కన ఓ చీటీ అంటించారు. కృతి పేరు: 'సున్నా వస్తువు'. కర్తలు: మేమిద్దరం!

నిర్వాహకులకు ఒళ్లు మండింది. అధికారుల దయతో అతికష్టం మీద దొరికిన ప్రదర్శన. అందులో ఈ కోతివేషాలేంటని కోపం. ఇద్దరు కుర్రాళ్లూ మాత్రం మా కృతిని అవమానించారంటూ గంభీరంగా వాదనకు దిగారు. ఆ తగవు తాలూకు కాగితాలు కూడా చివరికి ఆ కృతిలో భాగమైపోయాయి. ఇదంతా ఆకతాయితనం అనిపించవచ్చు. నిజమే, అదీ ఉంది. కానీ ఆ చిల్లు ఓ ముఖ్యమైన ప్రశ్న వేసింది. బొమ్మను బొమ్మ అని నిర్ణయించేది ఎవరు? ప్రభుత్వమా, దాన్ని ఎదిరించి పుట్టిన సంఘమా? పెద్ద సంఘం కాదన్నవాళ్లు పెట్టుకున్న చిన్న సంఘం కూడా చివరికి 'ఇది కుదరదు' అనే అంది. ఇద్దరి తలుపులూ తట్టడం మానేసి సొంతగుమ్మం వెతుక్కోవాలని తిమూర్‌కు తట్టింది అప్పుడే కావచ్చు.

అదే 1982లో అతను 'కొత్త చిత్రకారులు' అనే బృందాన్ని కూడగట్టాడు. సోత్నికోవ్, ఒలేగ్ కొతెల్నికోవ్, గియోర్గి గుర్యానోవ్, సెర్గేయ్ బుగాయెవ్... వీళ్లతోపాటు విక్టర్ త్సోయ్ కూడా. తర్వాత దేశమంతా ఊగిపోయేలా పాడిన ఆ గాయకుడు బొమ్మలూ వేసేవాడు. గుర్యానోవ్ అతని బ్యాండులోనే డ్రమ్ములు వాయించేవాడు.

పెద్ద ఇంటి నీడలో

ఇక చోటు కావాలి. తిమూర్ ఉండేది వొయినోవ్ వీధి 24వ నంబరులో, ఓ కమ్యూనల్ ఫ్లాటులో. ఒకే ఇంట్లో గదికో కుటుంబం, అందరికీ కలిపి ఒకే వంటిల్లు, ఒకే స్నానాలగది. మన పాత లోగిళ్లలో నాలుగు వాటాలవాళ్లు ఒకే బావి వాడుకున్నట్టు. పొయ్యి దగ్గర తగవులు, కరెంటు బిల్లు దగ్గర లెక్కలు. అలాంటి ఇంట్లో కొన్ని గదులు ఖాళీ అయ్యాయి. తిమూర్ వాటిలోకి బొమ్మలు చేర్చాడు. లెనిన్‌గ్రాడ్‌లో 'అస్సా' గ్యాలరీ అలా పుట్టింది. బోర్డు లేదు, టికెట్టు లేదు, అనుమతి అసలే లేదు. గ్యాలరీ తెరిచి ఉన్న వేళలంటే ఇంట్లో తిమూర్ ఉన్న వేళలు!

ఆ వీధి సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. దాని పాత పేరు ష్పలేర్నయా. 1991లో మళ్లీ ఆ పేరే పెట్టారు. ఇదే వీధిలో 25వ నంబరు ఓ పాత జైలు. 1895 డిసెంబరు నుంచి ఏడాదికి పైగా లెనిన్‌ను బంధించింది అందులోనే. రొట్టెముక్కను దవాతుగా మలిచి, పాలతో అక్షరాలు రాసి, కాపలావాళ్లు వచ్చేసరికి దవాతును నోట్లో వేసుకుని మింగేసేవాడనే కథను మన దగ్గర సోవియట్ పిల్లల పుస్తకాలు చదివినవాళ్లు ఇంకా మరచిపోయి ఉండరు. ఆ కథ జరిగిన చోటు ఇదే. ఆ జైలును ఆనుకుని లిటేయ్నీ ప్రాస్పెక్ట్ మలుపులో 1930ల్లో కట్టిన భారీ భవంతి ఉంది. ఊరివాళ్లు దాన్ని 'పెద్ద ఇల్లు' అనేవారు. పేరు చెప్పేటప్పుడు గొంతు తగ్గించేవారు. అది కేజీబీ కార్యాలయం.

అంటే అనుమతి లేని గ్యాలరీ నడిచింది పులిబోనున్న వీధిలోనే! అదే రోజుల్లో మాస్కోలో నికితా అలెక్సేయెవ్ అనే చిత్రకారుడు తన ఒక్కగది ఫ్లాటులో 'ఆప్టార్ట్' పేరుతో ఇలాంటి గ్యాలరీయే తెరిచాడు. 1983లో కేజీబీ వాళ్లు వచ్చి సోదా చేసి బొమ్మలు పట్టుకుపోయారు. కాబట్టి ఊరికే భయపడటం కాదు, భయపడటానికి కారణం ఉంది. అయినా అస్సా 1987 దాకా నడిచింది.

అక్కడి గోడలమీద వేలాడిన బొమ్మలు కూడా ఆ ఇంటిలాగే ఉండేవి. సంఘసభ్యులకిచ్చే మంచి కాన్వాసు వీళ్లకు దొరకదు. దాంతో స్నానాలగది కర్టెన్లు, పాలిథిన్ పట్టాలు, గోడకాగితాలు... ఏది దొరికితే దానిమీద రంగు వేసేశారు. చిత్రలేఖనం నేర్చుకున్నవాళ్లు చూస్తే ముక్కుమీద వేలేసుకుంటారు. గీతలు మొరటుగా, రంగులు గోలగా ఉంటాయి. ఈ బొమ్మల్ని జొవాన్నా స్టింగ్‌రే అనే అమెరికన్ గాయని అమెరికా తీసుకెళ్లి ఆండీ వార్హోల్‌కు ఇచ్చింది. సూపు డబ్బాల బొమ్మలతో జగమెరిగిన ఆ చిత్రకారుడు బదులుగా తన సంతకం చేసిన సూపు డబ్బాలు లెనిన్‌గ్రాడ్ కుర్రాళ్లకు పంపాడు. సరుకుల కోసం క్యూలు కట్టే ఊళ్లో సంతకమున్న సూపు డబ్బా... దాచుకోవాలా, తినాలా!

1987లో దర్శకుడు సెర్గేయ్ సొలొవ్యోవ్ ఈ బృందం చుట్టూ ఓ సినిమా అల్లాడు. పేరు కూడా 'అస్సా'యే. కథానాయకుడి గది నిండా వీళ్ల వస్తువులే, చివర్లో పాడేది త్సోయే. ఖాళీ గదిలో మొదలైన గ్యాలరీ పేరు దేశమంతటా వాల్‌పోస్టర్లకెక్కింది.

జేబులో పట్టే సముద్రం

1980ల చివర్లో తిమూర్ చేతిలో ఓ కొత్తపని మొదలైంది. అతని పేరు నిలబెట్టింది అదే. 'దిగంతాలు' వరుస. చేసే పద్ధతి చెబితే ఇంతేనా అనిపిస్తుంది. రెండు రంగుల గుడ్డముక్కలు తీసుకుని ఒకదాని కింద ఒకటి కుట్టేస్తాడు. ఆ కుట్టే దిగంతం. దానిమీదో, దానికి కొంచెం కిందో అచ్చుతో ఒకే ఒక్క చిన్న బొమ్మ దించుతాడు. ఓడ, సూర్యుడు, గుడిసె, దుప్పి... ఏదో ఒకటి. బొమ్మ అరచేతిలో పట్టేంత, గుడ్డ గోడంత.

దూరం నుంచి చూస్తే విచిత్రం జరుగుతుంది. చిన్న ఓడ ఉందంటే ఆ కింది గుడ్డ మొత్తం సముద్రమైపోతుంది. అదే చోట గుడిసె ఉంటే అదే గుడ్డ మంచుమైదానం. వేసింది వీసమెత్తు, కనిపించేది బోలెడు. మిగిలినదంతా చూసేవాళ్ల కళ్లే వేసుకుంటాయి. నొవాయా జెమ్ల్యాలో చూసిన గీత ఇక్కడికి చేరిందని ఎవరికైనా అనిపించక మానదు.

ఇందులో మరో సుఖం ఉంది. గుడ్డ కాబట్టి మడత పెట్టొచ్చు. సంచిలో వేసుకుని రైలెక్కొచ్చు. ఎవరైనా వస్తున్నారంటే తీసి దాచెయ్యొచ్చు. చట్రాలు, మేకులు, లారీలు అక్కర్లేదు. నాలుగు గుండుసూదులుంటే ఏ గోడైనా ప్రదర్శనశాలే. చోటు లేక ఏళ్లతరబడి అవస్థపడ్డ మనిషికే ఇలాంటి ఆలోచన వస్తుంది. ఆ గుడ్డలు రాక్ కచేరీల్లో తెరలుగా వేలాడాయి, తర్వాత దేశాలు దాటాయి.

ఆ రోజుల్లో ఈ ఊరి కుర్రాళ్లకు గోడ దొరక్కపోయినా లోటుండేది కాదు. పీటర్స్‌బర్గ్‌లో ఓడలు వెళ్లడానికి నేవా నది వంతెనల్ని అర్ధరాత్రి దాటాక రెండుగా విడదీసి పైకెత్తుతారు. వేసవిలో అక్కడ రాత్రుళ్లు కూడా చీకటి పడదు. పర్యాటకులు ఒడ్డున గుమిగూడేది ఆ దృశ్యం కోసమే. 1990లో హెర్మిటేజ్ మ్యూజియం పక్కనే ఉన్న ప్యాలెస్ వంతెన మీద చిత్రకారులు తమ బొమ్మలు తగిలించారు. వంతెన లేచింది. దాంతోపాటే బొమ్మలూ ఆకాశంలోకి లేచి నిలబడ్డాయి. అనుమతి కోసం పదేళ్లు కాళ్లరిగేలా తిరిగిన ఊళ్లో అంతకన్నా ఎత్తయిన ప్రదర్శన ఇంకెక్కడ దొరుకుతుంది!

గెలుపులో సగం

ఇప్పుడు మళ్లీ పుష్కిన్‌స్కయా పదికి రావచ్చు. పెద్ద మరమ్మతులు చేయాలని అధికారులు ఆ భవనాన్ని ఖాళీ చేయించారు. పని మొదలు కాలేదు. 1989లో చిత్రకారులు, సంగీతకారులు ఒక్కొక్కరే వచ్చి చేరారు. చట్టం దృష్టిలో కబ్జా. చలికాలంలో అక్కడి కాపురం మాటలు కాదు. అయినా గదికో స్టూడియో వెలిసింది. సోవియట్ యూనియన్ కూలిపోతున్న రోజులవి. వెళ్లగొట్టే ఓపిక కూడా ఎవరికీ లేకపోయింది.

తర్వాత ఓపిక వచ్చింది. నడిబొడ్డున ఉన్న భవనం విలువ ఎంతో కొత్త రష్యాకు తెలిసొచ్చింది. ఏళ్లతరబడి బేరాలు సాగాయి. చివరికి 1990ల మధ్యలో ఒప్పందం కుదిరింది. కళాకారుల సంఘానికి లోపలివైపు భాగం దక్కింది. వీధివైపు అందమైన ముందుభాగం చేజారింది. మరమ్మతులయ్యాక 1998లో ఇక్కడే 'నాన్‌కన్ఫర్మిస్ట్ కళల మ్యూజియం' తెరిచారు. ఒకప్పుడు ప్రభుత్వం ఒప్పుకోని బొమ్మలకు మ్యూజియమన్నమాట. చిరునామా మాత్రం పాతదే మిగిలింది, తలుపు పక్కవీధికి పోయింది. గుమ్మంలేని చిరునామా వెనక కథ ఇదే.

ఈ భవనంలోనే తిమూర్ 1993లో 'కొత్త లలితకళల అకాడమీ'కి మ్యూజియం పెట్టాడు. ఇక్కడే అతను అందరికీ షాకిచ్చాడు. చిల్లును బొమ్మ అన్న మనిషి, స్నానాలగది కర్టెన్ల మీద బొమ్మలు వేయించిన మనిషి... ఇప్పుడు గ్రీకు శిల్పాల అందం, శాస్త్రీయ చిత్రకళ, మన్నిక అంటూ పాఠాలు మొదలెట్టాడు! ముఖమల్ గుడ్డ మీద పాత పోస్టుకార్డుల రాజులు, దేవతలు వచ్చి కూర్చున్నారు. పాత స్నేహితులు కొందరు విస్తుపోయారు. 1998 మే 23న, ఇటలీలో సవొనరోలా అనే సన్యాసిని ఉరితీసి తగలబెట్టిన 500 ఏళ్లకు, క్రోన్‌స్టాట్ దగ్గరి కోటలో తిమూర్, అతని మిత్రులు సొంత బొమ్మలనే మంటల్లో వేశారు. ప్రపంచమంతా వింతల వెంటపడుతుంటే అందాన్ని కాపాడటమే అసలు తిరుగుబాటని అతని వాదన కావచ్చు. కానీ బొమ్మల్ని బుల్డోజర్లతో తొక్కించిన దేశంలో చిత్రకారులే బొమ్మలకు నిప్పుపెట్టడం మింగుడుపడే సంగతి కాదు.

అప్పటికే అతని కళ్లు పోయాయి. 1997లో జబ్బుచేసి చూపు పూర్తిగా దెబ్బతింది. వయసు 39 కూడా నిండలేదు. మరొకరైతే మూలన కూర్చునేవారే. తిమూర్ గడ్డం పెంచి, చేతికర్ర పట్టుకుని పాఠాలకు వెళ్లాడు. కుర్రాళ్లకు చిత్రకళ గురించి చెబుతూనే ఉన్నాడు. ఏ గుడ్డకు ఏ గుడ్డ కుట్టాలో, ఏ బొమ్మ ఎక్కడ పెట్టాలో చెబితే సహాయకులు చేసిపెట్టేవారు. చిన్న ఓడ పెట్టి మిగతా సముద్రాన్ని ఎదుటివాళ్ల ఊహకు వదిలేసిన చిత్రకారుడు, చివరి అయిదేళ్లూ మొత్తం బొమ్మను ఊహలోనే చూసుకున్నాడు.

2002 మే 23న న్యుమోనియాతో చనిపోయాడు. 43 ఏళ్లు. సొంత ఊళ్లోనే, స్మొలెన్‌స్కీ శ్మశానంలో సమాధి ఉంది. బతికుండగా 50వ పుట్టినరోజు చూడలేకపోయాడు గానీ, ఆ ఏడాది 2008లో జార్ చక్రవర్తుల కొలువుకూటమైన హెర్మిటేజ్ అతని కృతులతో ప్రదర్శన పెట్టింది. మడిచి సంచిలో వేసుకు తిరిగిన గుడ్డలు రాజప్రాసాదపు మ్యూజియంలో వేలాడాయి. పీటర్స్‌బర్గ్‌లోని రష్యన్ మ్యూజియంలోనూ అతని బొమ్మలున్నాయి.

ఆ గుడ్డల్ని మ్యూజియంలో చూసినవాళ్లకు ఒక్కపూట తీరికుంటే, అవి పుట్టిన దారిలో నడవడం కష్టమేమీ కాదు. లిటేయ్నీ చివర పెద్ద ఇంటి దగ్గర మొదలుపెట్టి ష్పలేర్నయాలో 24వ నంబరు చూసుకుని, నెవ్‌స్కీ దాటి లిగోవ్‌స్కీకి రావచ్చు. వీధుల్లో తిరిగే ఓపిక ఉంటే చాలు. ఒక్క జాగ్రత్త. లిగోవ్‌స్కీ మీద, స్టేషన్ పక్కనే 2010లో పెద్ద షాపింగ్ మాల్ ఒకటి కట్టారు. దాని పేరు 'గలెరేయా'. మన మాటలో గ్యాలరీ! దారిన పోయేవాళ్లను 'గ్యాలరీ ఎక్కడ' అని అడిగితే చెయ్యి అటే చూపిస్తారు. 53వ నంబరు ఆర్చి ఎక్కడని అడగాలి.